ఆకు మీద ఎంత వెలుగు పడుతోంది? ఇంట్లో దీపాల కింద ఆర్కిడ్లు పెంచేవారికి కొలత పాఠం

కడపలో ఆర్కిడ్ పెంచాలనుకున్నవారు ముందుగా ఎండతో తేల్చుకోవాలి. ఉగాది దాటితే చాలు, మిద్దె మీద కుండీ పెట్టిన మధ్యాహ్నానికే ఆకు మీద తెల్లటి మచ్చ లేస్తుంది. మర్నాటికి అది గోధుమరంగులోకి తిరుగుతుంది. వడగాలికి వేళ్లు ఎండి గడ్డిపరకల్లా అవుతాయి. అందుకే నాలాంటివాళ్లం మొక్కల్ని ఇంట్లోకి తెచ్చుకుని, కూలర్ గాలి తగిలే గదిలో దీపాల కింద పెంచుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బయట వెలుగు మరీ ఎక్కువ, లోపల మరీ తక్కువ. ఆ తక్కువ ఎంత తక్కువో మన కంటికి తెలియదు.

నా మొదటి ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌ను బెంగళూరు నుంచి పూలతో తెచ్చుకున్నాను. పూలు రాలిపోయాక రెండేళ్లపాటు ఆకులే వచ్చాయి. ముదురు ఆకుపచ్చగా, పొడవుగా, మెత్తగా వాలిపోయిన ఆకులు. పైన ఒక ఇరవై వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ రోజుకు పన్నెండు గంటలు వెలుగుతూనే ఉండేది. "గదంతా పట్టపగల్లా ఉంది కదా, దీనికి ఇంకా ఏమి తక్కువైంది?" అని అమ్మ అడిగేది. నాకూ అలాగే అనిపించేది. చివరికి వెలుగును కొలిచే లక్స్ మీటరు ఒకటి కొని ఆకు పక్కన పెట్టి చూస్తే 2,700 చూపించింది. అదే మీటరును వాకిట్లో ఎండలో పెడితే లక్ష దాటింది. రెండేళ్లుగా ఆ మొక్క ఎంత ఆకలితో ఉందో ఆ రెండు అంకెలు చూశాకే నాకు అర్థమైంది.

కన్ను మోసం చేయడానికి కారణం ఉంది. వెలుగు పెరిగితే కంటిపాప ముడుచుకుంటుంది, తగ్గితే విచ్చుకుంటుంది. దానికి తోడు మెదడు కూడా సర్దుకుంటుంది. అందువల్ల 300 లక్స్ ఉన్న హాలు, 3,000 లక్స్ ఉన్న కిటికీ గట్టు మనకు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మొక్కకు మాత్రం వాటి మధ్య పదింతల తేడా ఉంది.

ఏమి కొలుస్తున్నాం

లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు తయారైన కొలమానం. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు సమంగా పడితే అది ఒక లక్స్. మన కంటికి పసుపు కలిసిన ఆకుపచ్చ, అంటే 555 నానోమీటర్ల దగ్గరి వెలుగు, అన్నిటికంటే బాగా కనిపిస్తుంది. అందుకే లక్స్ మీటరు ఆ రంగుకు ఎక్కువ మార్కులు వేసి, ఎరుపుకూ నీలానికీ తక్కువ వేస్తుంది. మొక్క లెక్క వేరు. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలను వాడుకుని ఆహారం తయారు చేసుకుంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో పడే ఆ కణాల సంఖ్యను పీపీఎఫ్‌డీ అంటారు, మైక్రోమోళ్లలో చెబుతారు (డజనులాగే మోల్ కూడా లెక్కపెట్టే కొలతే, కాకపోతే చాలా పెద్దది). రోజంతా పడినదాన్ని కూడితే వచ్చే మొత్తం డీఎల్ఐ, అది మోళ్లలో ఉంటుంది. వాన ఎంత జోరుగా పడుతోందన్నది పీపీఎఫ్‌డీ అయితే, సాయంత్రానికి తొట్టిలో ఎన్ని నీళ్లు చేరాయన్నది డీఎల్ఐ. మొక్క బతికేది తొట్టిలోని నీళ్లతోనే.

పీపీఎఫ్‌డీని నేరుగా చూపే మీటర్లు ఖరీదైనవి. నాలుగు కుండీల కోసం అంత డబ్బు పెట్టనక్కర్లేదు. తెల్లని దీపాలు వాడేవారికి మామూలు లక్స్ మీటరు, ఒక భాగహారం సరిపోతాయి. గులాబీ రంగులో వెలిగే ఎరుపు నీలం దీపాలకు మాత్రం ఇది పనికిరాదు. వాటి కింద లక్స్ మీటరు అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి దీపాన్ని కిందికి దించితే ఆకులు మాడిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు తెల్లదీపాలే కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం. కొలవడం తేలిక, ఆకు అసలు రంగు కనిపిస్తుంది, తెగులు వస్తే వెంటనే తెలుస్తుంది.

మొదటి అడుగు: మీటరును పరీక్షించడం

విడిగా దొరికే లక్స్ మీటరులో తెల్లని గుండ్రటి బిళ్ల ఉంటుంది, వెలుగును పట్టేది అదే. కొనేటప్పుడు లక్ష లక్స్ పైన కూడా చూపగలదో లేదో చూడండి. కొన్ని మీటర్లలో పరిధి మారినప్పుడు తెర మీది అంకెను పదితోనో వందతోనో గుణించుకోవాలి. తెర అంచున చిన్నగా రాసి ఉండే ఆ గుర్తును చూసుకోకపోతే లెక్కంతా తలకిందులవుతుంది.

ఫోనులో కూడా వెలుగును గుర్తించే సెన్సర్ ఉంటుంది, ముందువైపు, సాధారణంగా పైభాగంలో. లక్స్ చూపే యాప్ వేసుకుని, వేలితో పైఅంచు పొడవునా మెల్లగా మూస్తూ వెళ్లండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో సెన్సర్ అక్కడ ఉన్నట్టు. అయితే తెర వెలుతురును సర్దడం కోసం పెట్టిన సెన్సర్ అది, కచ్చితమైన కొలతల కోసం కాదు. ఎక్కువ వెలుగులో చాలా ఫోన్లు ఒక అంకె దగ్గర ఆగిపోతాయి. పక్కనుంచి వచ్చే వెలుగును సరిగా పట్టవు.

మీ ఫోను ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. మీటరు కొన్నవారు కూడా చేయదగినది. చీకటి గదిలో రెండు దీపాలు పక్కపక్కన పెట్టండి. మొదటిదాన్ని మాత్రమే వెలిగించి అంకె రాసుకోండి. దాన్ని ఆర్పి రెండోది వెలిగించి రాసుకోండి. ఇప్పుడు రెండూ కలిపి వెలిగించండి. మీటరును కదపకూడదు. మొదట 2,500, తరువాత 2,300 వస్తే, రెండూ కలిపి 4,800 దరిదాపుల్లో రావాలి. 3,600 దగ్గరే ఆగిపోయిందంటే ఆ పరికరం ఎక్కువ వెలుగును లెక్కపెట్టలేకపోతోందని అర్థం.

రెండో పరీక్ష మన ఊరి ఎండతో. వేసవిలో మబ్బులేని రోజు మిట్టమధ్యాహ్నం మీటరును నేల మీద బల్లపరుపుగా పెడితే లక్షకు కాస్త అటూ ఇటూగా చూపాలి. ఫోనును ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, వేడెక్కిపోతుంది. మీటరును సరిచూసుకోవడానికి ఎండకంటే మంచి, ఖర్చులేని ప్రమాణం దొరకదు.

రెండో అడుగు: కొలిచే వేళ, కొలిచే తీరు

రాత్రిపూట కొలవండి. పగలైతే కిటికీ వెలుగు కలిసిపోయి దీపం వాటా ఎంతో తెలియదు. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేసి, మొక్కల దీపాలు వెలిగించి అరగంట ఆగండి. వేడెక్కేకొద్దీ ఎల్ఈడీ వెలుగు కొద్దిగా తగ్గి నిలకడకు వస్తుంది. పాత ట్యూబ్‌లైట్లయితే నిండుగా వెలగడానికే కొంతసేపు పడుతుంది.

మీటరు బిళ్ల ఆకు పైభాగానికి సరిగ్గా సమానమైన ఎత్తులో, పైకి చూస్తూ ఉండాలి. కుండీ అంచు దగ్గర కాదు, అర మీద కాదు, ఆకు ఎత్తులోనే. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అర మీద పెట్టి కొలిచినదానికీ పది సెంటీమీటర్ల పైనున్న ఆకు మీద పడేదానికీ చాలా తేడా ఉంటుంది. కుండీలను తీసి పక్కన పెట్టి, ఆకు ఎత్తుకు సరిపడేలా పుస్తకాలో డబ్బాలో పేర్చి, వాటి మీద మీటరు ఉంచితే చేయి వణకదు. మీ తల నీడ బిళ్ల మీద పడకుండా పక్కకు జరగండి. ఇంకొక చిన్న విషయం, తెల్ల చొక్కా వేసుకుని దగ్గరగా నిలబడితే దాని మీద పడిన వెలుగు తిరిగి వచ్చి అంకెను పెంచుతుంది. ముదురు రంగు బట్టలతో కొలవడం నాకు అలవాటు.

మూడో అడుగు: అర మొత్తానికి వెలుగు పటం

ఒక్కచోట కొలిచి ఊరుకుంటే ఆ అంకె ఆ ఒక్కచోటికే. అర మీద పదిహేను సెంటీమీటర్లకొకటి చొప్పున సుద్దతో చుక్కలు పెట్టండి. నోటుపుస్తకంలో అవే చుక్కలు గీసుకుని, ఒక్కోచోట మూడుసార్లు కొలిచి నడిమి అంకె రాసుకోండి.

నా ఏర్పాటు ఇది. నాలుగడుగుల పొడవు, మూర వెడల్పు ఉన్న అర. పైన ఇరవై వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు నాలుగు, ఒకదానికొకటి పది సెంటీమీటర్ల ఎడంగా. దీపాలకూ ఆకులకూ మధ్య జానెడు దూరం, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. అర నడిమధ్య 11,800 లక్స్ వచ్చింది. ట్యూబు చివర ఉన్నచోట దాదాపు 6,000 మాత్రమే. అర ముందు అంచున 6,400. ఒకే అర మీద, ఒకే దీపాల కింద, ఒక మొక్కకు అందేదానిలో సగమే ఇంకొకదానికి అందుతోంది. పటం గీసేవరకు ఇది నాకు తట్టలేదు. మూలన పెట్టిన మొక్క ఎందుకు వెనకబడిందని ఎరువులు మారుస్తూ కూర్చున్నాను.

ఇక్కడ దూరం గురించి ఒక మాట. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని బడిలో చదువుకున్నాం. అది చిన్న బల్బుకు వర్తిస్తుంది. పొడవాటి ట్యూబుకు దగ్గరగా ఉన్నప్పుడు దూరం రెండింతలైతే వెలుగు దాదాపు సగమే అవుతుంది. పక్కపక్కన నాలుగు ట్యూబులుంటే అంతకంటే కూడా నెమ్మదిగా తగ్గుతుంది. సూత్రంతో ఊహించుకోవడం కంటే ప్రతి ఎత్తులోనూ కొలవడమే మేలు.

కడప బండ తెచ్చిన చిక్కు

మా ప్రాంతపు ఇళ్లలో గూళ్లూ అరలూ చాలావరకు కడప బండలతోనే కడతారు. నీళ్లు పడినా చెడదు, చెద పట్టదు, కుండీల బరువుకు వంగదు. ఆర్కిడ్లకు అంతకంటే మంచి అర లేదనుకున్నాను. కానీ అది నల్లరాయి. పైనుంచి పడిన వెలుగును దాదాపు మొత్తం మింగేస్తుంది. మీటరు బిళ్లను తలకిందులుగా తిప్పి, బండ వైపు చూసేలా పట్టుకుని చూశాను, వెయ్యి కూడా రాలేదు. అదే బండ మీద తెల్లని థర్మకోల్ పలక పరిచి మళ్లీ కొలిస్తే అంకె ఏడింతలకు పెరిగింది. వెనుక గోడకూ రెండు పక్కలకూ కూడా థర్మకోల్ నిలబెట్టాక అర ముందు అంచున 6,400 ఉన్నది 8,000 అయింది. ఒక్క రూపాయి కరెంటు పెరగలేదు. కింది వరుస ఆకులకు అడుగునుంచి కూడా వెలుగు అందడం మొదలైంది.

థర్మకోల్ వద్దనుకుంటే తెల్ల సున్నమో తెల్ల టైలో సరిపోతుంది. అద్దం మాత్రం పెట్టకండి, వెలుగును ఒక్కచోటికే మళ్లించి అక్కడి ఆకును ఇబ్బంది పెడుతుంది.

నాలుగో అడుగు: లక్స్ నుంచి రోజు మొత్తానికి

తెల్ల ఎల్ఈడీ వెలుగైతే లక్స్‌ను 70తో భాగించండి, సుమారుగా పీపీఎఫ్‌డీ వస్తుంది. దీపం రంగును బట్టి ఈ భాజకం 65 నుంచి 75 మధ్య మారుతుంది, మన అవసరానికి 70 చాలు. ఎండకైతే 54తో భాగించాలి. అలా వచ్చినదాన్ని దీపం వెలిగే గంటలతో గుణించి, మళ్లీ 0.0036తో గుణిస్తే ఆ రోజు డీఎల్ఐ. ఆ 0.0036 ఎక్కడిదంటే, గంటకు 3,600 సెకన్లు, ఒక మోల్‌కు పది లక్షల మైక్రోమోళ్లు.

నా అర నడిమి అంకెతో చూద్దాం. 11,800ను 70తో భాగిస్తే దాదాపు 168. పన్నెండు గంటలకు 168 × 12 × 0.0036, అంటే 7.3 మోళ్లు. మొదట్లో ఒక్క ట్యూబుతో ఉన్న 2,700 లక్స్‌కు ఇదే లెక్క వేస్తే 1.7 కూడా రాదు. రెండేళ్లు పూలు రాకపోవడానికి కారణం ఇంత సూటిగా ఉంది.

అమెరికా పుస్తకాల్లో ఫుట్‌కాండిల్ అనే కొలత కనిపిస్తుంది. దాన్ని 10.76తో గుణిస్తే లక్స్ అవుతుంది.

ఏ మొక్కకు ఎంత

ఫెలనాప్సిస్‌కు 10,000 నుంచి 15,000 లక్స్ అని, క్యాట్లియాకు 20,000 నుంచి 30,000 అని, వాండాకు 30,000 పైనే అని ఆర్కిడ్ పుస్తకాలు చెబుతాయి. అవి పందిళ్లలో పగటి వెలుగును దృష్టిలో పెట్టుకుని చెప్పిన అంకెలు. ఎండ పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ, సాయంత్రం మళ్లీ తక్కువ. దీపం అలా కాదు, వెలిగించినప్పటినుంచి ఆర్పేవరకు ఒకే తీరు. అందుకే దీపం కింద ఆ అంకెలను చూసి బెంగపడక్కర్లేదు, డీఎల్ఐని చూసుకోండి.

నేను పెట్టుకున్న లక్ష్యాలు ఇవి. ఫెలనాప్సిస్‌కు రోజుకు 5 నుంచి 8 మోళ్లు. పేఫియోపెడిలం 4 నుంచి 6తో తృప్తి పడుతుంది, దాన్ని అర అంచున పెట్టుకోవచ్చు. క్యాట్లియా, డెండ్రోబియం రకాలకు 10 నుంచి 15 కావాలి. నాలుగు ట్యూబుల కింద వాటిని పెంచాలంటే దీపాలకు మరీ దగ్గరగా జరపాలి, లేదా ట్యూబులు పెంచాలి. వాండాను ట్యూబ్‌లైట్ల కింద పెంచే ప్రయత్నం చేయకండి. నల్లమల, శేషాచలం కొండల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే వాండా టెస్సెలేటా మన ఎండకు అలవాటుపడిన మొక్క. అలాంటివాటికి బయట గ్రీన్ నెట్ నీడే సరైన చోటు.

తక్కువైన వెలుగును గంటలతో పూడ్చుకోవచ్చు, కానీ దానికి హద్దు ఉంది. ఫెలనాప్సిస్, క్యాట్లియా వంటివి రాత్రి చీకట్లోనే ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని దాచుకుంటాయి. పగలు దాన్ని వాడుకుంటాయి. నీళ్లు ఆదా చేసుకోవడానికి అవి నేర్చుకున్న పద్ధతి అది. రాత్రంతా దీపం వెలిగితే ఆ పని సాగదు. పద్నాలుగు గంటలు మించకుండా ఒక టైమర్ పెట్టుకోండి. క్యాట్లియా లేబియాటా వంటి కొన్ని జాతులైతే పగటి పొడుగు తగ్గితేనే మొగ్గ వేస్తాయి, వాటి గదిలో రాత్రి దీపం వేయకపోవడం మంచిది. ఫెలనాప్సిస్‌కు పగటి పొడుగుతో పని లేదు, చల్లదనం కావాలి. 28 డిగ్రీలు దాటిన వేడిలో అది పూలకాడ వేయదు. మన దగ్గర ఆ చల్లదనం దొరికేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. ఆ రోజుల్లో రాత్రిపూట కిటికీ తెరిచి ఉంచండి. వేసవిలో వెలుగు ఎంత పెంచినా కాడ రాలేదని దిగులుపడకండి.

కరెంటు పోయిన గంటలను కూడా లెక్కలోంచి తీసేయండి. ఎండాకాలంలో రోజుకు రెండు గంటలు పోతుంటే 7.3 మోళ్లు 6.1 అవుతాయి. ఇక ఖర్చు, నాలుగు ట్యూబులు పన్నెండు గంటలు వెలిగితే రోజుకు ఒక యూనిట్‌కు కాస్త తక్కువ.

ఐదో అడుగు: అంకెను ఆకుతో సరిచూసుకోవడం

దీపాలు పెంచిన రోజే మొక్కను పూర్తి వెలుగులోకి నెట్టకండి. చీకటికి అలవాటుపడిన ఆకు ఒక్కసారిగా నాలుగింతల వెలుగును తట్టుకోలేదు. మొదటి వారం అర అంచున ఉంచి, వారానికి కొంచెం చొప్పున నడిమికి జరపండి. లేదా రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి.

దీపాల కింద ఆకు ఎత్తులో అరచేతి వెనుకభాగాన్ని ఒక నిమిషం ఉంచి చూడండి. వెచ్చగా తగిలితే ఆకు కూడా వేడెక్కుతోంది. వెలుగు అంకె సరిగ్గా ఉన్నా వేడికి ఆకు దెబ్బతింటుంది. చిన్న ఫ్యాను పెడితే సర్దుకుంటుంది.

ఆకు రంగు మీ మీటరుకు సాక్షి. ముదురు ఆకుపచ్చ అంటే వెలుగు చాలడం లేదు. లేత మామిడాకు ముదిరేటప్పుడు ఉండే పసుపు కలిసిన పచ్చ అయితే సరిపోయింది. ఆకు అంచున ఊదా ఛాయ వస్తే ఆ మొక్క తట్టుకోగల హద్దు దగ్గరికి వచ్చినట్టు, ఆ రోజు అంకెను పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆకు మొత్తం పసుపెక్కితే హద్దు దాటినట్టు. నా ఫెలనాప్సిస్‌కు కొత్త దీపాలు పెట్టిన ఐదో నెలలో వచ్చిన ఆకు పాతవాటికంటే పొట్టిగా, వెడల్పుగా, మందంగా ఉంది. వేలితో నొక్కితే తోలులా గట్టిగా తగిలింది. దాని కిందనుంచి, సంక్రాంతికి వారం ముందు, చిటికెన వేలి కొసంత పూలకాడ బయటికి వచ్చింది.

ఆరో అడుగు: మళ్లీ మళ్లీ కొలవడం

ఎల్ఈడీలు ఒక్కసారిగా మాడిపోవు, ఏళ్ల తరబడి మెల్లగా మసకబారుతాయి. పెట్టె మీద రాసే గంటల ఆయుష్షు సాధారణంగా వెలుగు 70 శాతానికి తగ్గేవరకే. దానికంటే ముందు మన ఊరి దుమ్ము వస్తుంది. మార్చిలో ఒకసారి ట్యూబులు తుడవకముందు 10,600, పొడిగుడ్డతో తుడిచాక 11,700 వచ్చింది. దీపాలు ఆర్పి చల్లారాక నెలకోసారి తుడవండి, ఆకులనూ తడిగుడ్డతో తుడవండి. మూడు నెలలకోసారి చుక్కలన్నీ మళ్లీ కొలవండి.

కిటికీ దగ్గర పెట్టుకున్నవారు దీపాలు ఆర్పి, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు కిటికీ వెలుగును విడిగా కొలిచి, సగటును ఎండ భాజకంతో లెక్కగట్టి దీపం మొత్తానికి కలుపుకోండి. సూర్యుడు దక్షిణానికి జరిగే చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కొలవాలి.

పూలకాడ వచ్చాక ఇంకొక అవసరం పడుతుంది. కాడ పైకి పెరిగి నెల తిరిగేసరికి ట్యూబులను తాకబోతుంది. అప్పుడు దీపాలను పైకెత్తక తప్పదు, ఎత్తితే ఆకులకు వెలుగు తగ్గుతుంది. నేను జానెడు ఎత్తునుంచి 35 సెంటీమీటర్లకు ఎత్తినప్పుడు నడిమి అంకె 11,800 నుంచి 7,800కు పడింది. పన్నెండు గంటలకు 4.8 మోళ్లు, లక్ష్యానికి కొంచెం తక్కువ. టైమరును పద్నాలుగు గంటలకు మార్చితే 5.6 అయింది. కాడ వచ్చిన కుండీని మాత్రం అటూ ఇటూ తిప్పకండి, వెలుగు మారినకొద్దీ మొగ్గలు మెడ తిప్పుతాయి, పూలు ఒక వరుసలో నిలవవు. కుండీ ఏ దిక్కుకు ఉందో తెలిసేలా దాని అంచున, అర మీద సుద్దతో ఒకే గీత గీసి పెట్టుకుంటే, నీళ్లు పోయడానికి తీసినప్పుడల్లా ఆ గీతలు కలిసేలా తిరిగి పెట్టవచ్చు.